అలెగ్జాండర్ ఫ్లెమింగ్ హెచ్చరిక

వైద్యశాస్త్ర చరిత్రను మలుపు తిప్పిన శాస్త్రజ్ఞులలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒకడు. పెన్సిలిన్‌ను కనుగొన్నవాడుగా ఆయన పేరు ప్రతి విద్యార్థికీ సుపరిచితమే. అయితే ఆ దివ్యౌషధాన్ని విచక్షణ లేకుండా వాడితే ఎంతటి ముప్పు వాటిల్లుతుందో కూడా ఆయనే చెప్పాడన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఫ్లెమింగ్ 1881 ఆగస్టు 6న స్కాట్లండులోని డార్వెల్ సమీపాన, లాక్‌ఫీల్డ్ అనే పొలంలో ఒక రైతు కుటుంబంలో జన్మించాడు. ఏడేళ్ళ ప్రాయంలోనే తండ్రిని కోల్పోయాడు. పదమూడేళ్ళ వయస్సులో లండన్‌లో ఉన్న అన్న దగ్గరకు చేరాడు. కొంతకాలం చదివి, ఓడల రవాణా సంస్థ ఒకదానిలో నాలుగేళ్ళపాటు గుమాస్తాగా పనిచేశాడు. దగ్గరి బంధువు మరణానంతరం సంక్రమించిన కొద్దిపాటి ధనంతో 1901లో సెయింట్ మేరీస్ ఆసుపత్రికి చెందిన వైద్యకళాశాలలో చేరాడు. ఫ్లెమింగ్ తండ్రి బాలుడైన చర్చిల్‌ను బురదగుంట నుండి రక్షించాడనీ, అందుకు ప్రతిగా చర్చిల్ తండ్రి ఫ్లెమింగ్‌ను చదివించాడనీ ఒక కథ నేటికీ ప్రచారంలో ఉంది. వినడానికి ఇంపుగా ఉన్నా అది కేవలం కల్పన.

1906లో వైద్యపట్టం పొందిన తరువాత ఆయన శస్త్రచికిత్స వైపు వెళ్ళవలసినవాడే. కాని తుపాకి గురిలో ఆయనకు మంచి నేర్పు ఉండేది. అటువంటి గురికాడు కళాశాల జట్టును విడిచిపోకూడదని జట్టు నాయకుడు ఆయనను ఆమ్‌రాత్ రైట్ ప్రయోగశాలలో చేర్పించాడు. ఆ విధంగా చేరిన ఫ్లెమింగ్ జీవితాంతం ఆ ఆసుపత్రినే అంటిపెట్టుకొని ఉన్నాడు.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయన ఫ్రాన్సులోని బొలోన్ పట్టణంలో క్షతగాత్రుల మధ్య పనిచేశాడు. గాయాలు కుళ్ళి వందలాది సైనికులు మరణిస్తుండగా, వైద్యులు ఘాటైన క్రిమిసంహారక ద్రవాలను గాయాలలో ధారాళంగా పోసేవారు. లోతైన గాయాల మూలలకు ఆ ద్రవాలు చేరడం లేదనీ, పైగా క్రిములకంటె ముందుగా, వాటితో పోరాడే తెల్లరక్తకణాలను చంపుతున్నాయనీ ఫ్లెమింగ్ ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. మందు పోయడమే వైద్యం కాదన్న గుణపాఠం ఆయనకు ఆ రోజులలోనే లభించింది.

1921లో ఆయనకు జలుబు చేసింది. దానిని కూడా ఆయన వృథా పోనీయలేదు. తన ముక్కు నుండి కారిన చీమిడిని గాజు పళ్ళెంలో పెంచి చూశాడు. అందులోని ఒక పదార్థం కొన్ని సూక్ష్మజీవులను కరిగించివేయడం గమనించి, దానికి లైసోజైమ్ అని పేరు పెట్టాడు. అది కన్నీటిలోనూ, లాలాజలంలోనూ, కోడిగుడ్డు తెల్లసొనలోనూ ఉన్నదని తేలింది. కన్నీటికోసం సహచరుల కళ్ళలో నిమ్మరసం పిండిన వైనం ఆ ప్రయోగశాలలో నవ్వులు పూయించింది. ప్రమాదకరమైన క్రిములను ఎదుర్కొనే శక్తి లైసోజైమ్‌కు అంతగా లేకపోయినా, శరీరం తనను తాను కాపాడుకొనే ఏర్పాటు ఒకటి ఉన్నదని ఆ జలుబు చాటింది.

1928 సెప్టెంబరులో సెలవుల నుండి తిరిగివచ్చిన ఫ్లెమింగ్, బల్లపై గుట్టగా పేర్చి ఉంచిన గాజు పళ్ళేలను పరిశీలించసాగాడు. వాటిలో చీముగడ్డలకు కారణమయ్యే స్టెఫిలోకాకస్ క్రిములు పెరుగుతున్నాయి. ఒక పళ్ళెంలో బూజు పట్టింది. దాని చుట్టూ ఉన్న క్రిములు మాత్రం కరిగిపోయి ఉన్నాయి. మరొకరైతే ఆ పళ్ళేన్ని కడిగివేసేవారే. ఆయన ఆ బూజును వేరుచేసి పెంచి, దాని రసానికి 1929లో పెన్సిలిన్ అని నామకరణం చేశాడు. ముక్కు పక్క గదులలో చీముపట్టి బాధపడుతున్న సహాయకుడు స్టూవర్ట్ క్రాడక్‌కు ఆ రసాన్ని వాడి చూశారు. స్టెఫిలోకాకస్ క్రిములు తగ్గాయి గాని రోగం కుదరలేదు. అన్ని క్రిములూ ఆ రసానికి లొంగవని అప్పుడే స్పష్టమైంది.

పెన్సిలిన్‌ను శుద్ధిచేయడం ఫ్లెమింగ్‌కు సాధ్యపడలేదు. ఆ పనిని ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్, హీట్లీ మొదలైనవారు సాధించారు. 1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన క్రిములను ఎక్కించి, నాలుగింటికి మాత్రమే పెన్సిలిన్ ఇచ్చారు. తెల్లవారేసరికి ఆ నాలుగే బ్రతికి ఉన్నాయి. 1941లో చీముపట్టి మరణశయ్యపై ఉన్న ఒక పోలీసుకు ఆ మందు ఇవ్వగా కొద్దిరోజులలోనే ఎంతో కోలుకున్నాడు. రోగి మూత్రం నుండి కూడా మందును తిరిగి సంగ్రహించి వాడారు. అయినా నిల్వ అయిపోయింది. ఆ పోలీసు మరణించాడు. చుక్క మందుకోసం అంతగా తపించిన రోజులవి.

నాలుగేళ్ళు తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. కర్మాగారాలలో పెన్సిలిన్ విస్తారంగా తయారైంది. గొంతునొప్పికి చప్పరించే బిళ్ళలలో, పైపూత మందులలో కూడా అది చోటుచేసుకొంది. 1945లో ఫ్లెమింగ్, ఫ్లోరీ, చెయిన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. ఆ ఏడాది డిసెంబరు 11న చేసిన ఉపన్యాసంలో, తన విజయాన్ని గురించి చెప్పుకోవలసిన వేదికపై, ఫ్లెమింగ్ ఒక చిన్న కథ చెప్పాడు. ఒకానొక వ్యక్తికి గొంతునొప్పి వస్తుంది. అతడు తానే పెన్సిలిన్ కొని, క్రిములను చంపడానికి చాలనంతగా, వాటికి మందును తట్టుకోవడం నేర్పడానికి మాత్రం సరిపోయేంతగా వాడుతాడు. రాటుదేలిన ఆ క్రిములు అతని భార్యకు సోకుతాయి. ఆమెకు న్యుమోనియా వస్తుంది. పెన్సిలిన్ ఇచ్చినా పనిచేయదు. ఆమె మరణిస్తుంది. ఆ మరణానికి బాధ్యుడు ఎవరని ఫ్లెమింగ్ సభను ప్రశ్నించి, భర్త నిర్లక్ష్యమే క్రిముల స్వభావాన్ని మార్చిందని తానే సమాధానం చెప్పాడు.

అది ఊహాకల్పితమైన కథే గాని, ప్రయోగశాలలో తాను చూసినదానిపై ఆధారపడినది. పెన్సిలిన్‌ను విచ్ఛిన్నం చేసే పదార్థం కొన్ని క్రిములలో ఉన్నదని ఎబ్రహామ్, చెయిన్‌లు 1940లోనే గుర్తించారు. బ్రిటిష్ ప్రభుత్వం 1947లో చట్టం చేసి, వైద్యుని చీటీ లేకుండా పెన్సిలిన్ అమ్మరాదని శాసించింది. కాని అప్పటికే అలవాటు ముదిరింది. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ జరిపిన పరీక్షలలో, 1948 నాటికి సగానికి పైగా స్టెఫిలోకాకస్ క్రిములు పెన్సిలిన్‌కు లొంగకుండాపోయాయి. విచిత్రమేమంటే, గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ క్రిములలో ప్రధానమైనది మాత్రం నేటికీ పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. ఫ్లెమింగ్ అంచనా నిజమైనది, అయితే మరొక క్రిమి విషయంలో.

మరొక సంగతి ఆయన కథలో పూర్తిగా వ్యక్తం కాలేదు. చాలీచాలని మోతాదును గురించే ఆయన ఎక్కువగా హెచ్చరించాడు. అసలు మందే అవసరం లేనిచోట పూర్తి మోతాదు వాడినా హాని తప్పదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. జలుబుకూ, గొంతునొప్పి, దగ్గులలో అధికభాగానికీ కారణం వైరస్‌లు. వాటిపై యాంటీబయాటిక్ మందులు ఏమాత్రం పనిచేయవు. కాని నోటిలో, ప్రేగులలో నివసించే అసంఖ్యాకమైన బాక్టీరియాపై పనిచేస్తాయి. వాటిలో బలహీనమైనవి నశించగా, మందును తట్టుకొన్నవి మిగిలి వృద్ధిచెందుతాయి. 1948లో అనేక రకాల క్రిములపై పనిచేసే ఆరియోమైసిన్ వెలువడింది. దానిని అందించిన లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అటువంటి మందులు వచ్చిన తరువాత, ఏ క్రిమి అన్నది తెలుసుకోకుండానే చీటీ రాయడం వైద్యులకు మరింత సులువైంది.

పడిశం పది రోగాల పెట్టు అని మనవారంటారు. ఆ భయమే రోగిని వైద్యుని దగ్గరకు తరుముతుంది. మందు రాయకపోతే రోగి నొచ్చుకొంటాడన్న సంకోచం వైద్యునిచేత చీటీ రాయిస్తుంది. ఇద్దరిలో ఏ ఒక్కరినీ తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఫలితం మాత్రం తీవ్రమైనది. మందులకు లొంగని బాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించారని అంచనా.

ఫ్లెమింగ్ 1955 మార్చి 11న లండన్‌లో గుండెపోటుతో మరణించాడు. ఆయన చితాభస్మాన్ని సెయింట్ పాల్ కెథెడ్రల్‌లో ఉంచారు. ఆయన హెచ్చరిక కుటుంబ వైద్యుల గదులలో ఆచరణరూపం దాల్చడానికి మరెన్నో ఏళ్ళు పట్టింది. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలను నిర్ణయించే నైస్ అనే సంస్థ 2008లో ఈ విషయమై వైద్యులకు మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం తీవ్రంగా జబ్బుపడినవారికి, న్యుమోనియా లక్షణాలు ఉన్నవారికి యాంటీబయాటిక్‌ను వెంటనే ఇవ్వాలి. తక్కినవారికి రోగం ఎన్నాళ్ళుంటుందో వివరించాలి. గొంతునొప్పి వారం, జలుబు పది రోజులు, దగ్గు మూడు వారాల వరకు సహజంగానే ఉండవచ్చు. అయినా రోగికి ధైర్యం చాలకపోతే, ఇప్పుడు కాదు, తగ్గకపోతే లేదా ముదిరితే వాడుకొమ్మని చెప్పి చీటీ చేతికి ఇవ్వవచ్చు. అలా చీటీ తీసుకొన్నవారిలో చాలామంది మందుల దుకాణం దాకా వెళ్ళకముందే కోలుకుంటున్నారు.