గుండ్రంగా లేనిదాన్ని లేత్ ఎక్కించినవాడు

లేత్ మీద ఏం చేస్తాం? గుండ్రటివి చేస్తాం. ఫస్టియర్ వర్క్‌షాప్‌లో మనం తిప్పిన ఇనుప ముక్కైనా, ఏటికొప్పాక లక్క బొమ్మైనా, చిన్నప్పటి బొంగరమైనా లెక్క ఒకటే. పని తిరుగుతుంది, ఉలి ఆనుతుంది, ఎక్కడ కోసి చూసినా గుండ్రమే. మరి గుండ్రంగా లేనిదాన్ని లేత్ మీద ఎలా తీస్తారు?

రెండు వందల ఏళ్ల కిందట దీనికి జవాబు చెప్పిన అమెరికన్ థామస్ బ్లాంచర్డ్. నేను ఈయన దగ్గరికి తిన్నగా రాలేదు. కాంపోజిట్స్ సబ్జెక్టులో సెమినార్ కోసం కార్బన్ ఫైబర్ రైఫిల్ స్టాక్‌ల గురించి చదువుతున్నా. అసలు ఆ ఆకారం ఎవరు తయారుచేశారు, ఎలా చేశారు అని వెనక్కి పోతూ పోతూ ఇక్కడ తేలాను. సెమినార్ అయిపోయింది గానీ ఈయన మాత్రం వదల్లేదు.

స్టాక్ అంటే తుపాకీలో గొట్టాన్నీ మీటల్నీ మోసే ఒళ్ళు. వెనక భుజానికి ఆనే మడమ, దాని పైన చెంప ఆనించే అంచు, ట్రిగ్గర్ వెనక పిడికిట్లో ఇమిడే సన్నటి మెడ, ముందుకి గొట్టం కూర్చునే పొడుగాటి గాడి. ఏ రెండు చోట్ల కోసినా ఒకే ఆకారం రాదు. అప్పట్లో వాల్‌నట్ చెక్కని కత్తి, ఉలి, ఆకురాయి పట్టుకుని మనుషులే చెక్కేవాళ్ళు. తుపాకీ ఫ్యాక్టరీలో వాళ్ళది గీర ఉన్న పని, ఎందుకంటే ఏ యంత్రమూ ఆ పని చెయ్యలేదని వాళ్ళ ధైర్యం.

బ్లాంచర్డ్ 1788 జూన్ 24న మసాచుసెట్స్‌లోని సట్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. రైతు కుటుంబం. మనోడికి నత్తి. చదువు అంతంతమాత్రం. మందబుద్ధి అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. పదమూడేళ్ళప్పుడే ఆపిల్ తొక్క తీసే యంత్రం చేశాడు. అన్న నడిపే చిన్న మేకుల షాపులో ఒక్కో మేకుకీ సుత్తితో తల కొట్టే పనిలో పెడితే, ఆ విసుగులోంచి మేకులు చేసే యంత్రం పుట్టింది. దాన్ని సరిచెయ్యడానికి ఆరేళ్ళు పట్టింది. నిమిషానికి ఐదొందల మేకులు. ఆ హక్కుల్ని ఐదు వేల డాలర్లకి అమ్మేశాడు.

తర్వాత మిల్‌బరీలో ఏసా వాటర్స్ అనే తుపాకీల తయారీదారు పిలిచాడు. తుపాకీ గొట్టం బయట చాలావరకు గుండ్రమే, కానీ వెనక చివర కొంత బల్లపరుపుగా ఉంటుంది. అక్కడికొచ్చేసరికి లేత్ చేతులెత్తేసేది. బ్లాంచర్డ్ ఉలి కదలికని మార్చే ఒక క్యామ్ పెట్టి మొత్తం ఒకే లేత్ మీద తీశాడు. ఈ మాట ప్రభుత్వ ఆయుధశాల ఉన్న స్ప్రింగ్‌ఫీల్డ్‌కి చేరింది. అక్కడ దాన్ని నడిపి చూపిస్తుంటే గుంపులో ఒక స్టాక్ చెక్కేవాడు, తన పనిని మాత్రం ఈయన పాడుచెయ్యలేడని, స్టాక్ ఏమన్నా గుండ్రమా అని వేళాకోళమాడాడట. బ్లాంచర్డ్ ఆలోచిస్తానన్నాడట. బండి మీద ఇంటికెళ్తూ బ్రిమ్‌ఫీల్డ్ దగ్గర ఉన్నట్టుండి దొరికిందని కేక పెడితే, దారినపోయేవాళ్ళు పిచ్చెక్కిందనుకున్నారట. కథకి తర్వాతి వాళ్ళు కాస్త మసాలా కలిపే ఉంటారు. దొరికింది మాత్రం నిజం.

దొరికిందేంటంటే: ఇనుముతో చేసిన ఒక నమూనా స్టాక్, ఒక చెక్క దిమ్మ, రెండూ కలిసి నెమ్మదిగా తిరుగుతాయి. నమూనాని ఒక చక్రం తడుముతూ ఉంటుంది. అదే ఊగే చట్రానికి బిగించిన, అంతే వ్యాసమున్న కోత చక్రం దిమ్మని తొలుస్తూ ఉంటుంది. తడిమే చక్రం లోపలికి దిగితే కోత చక్రం కూడా అంతే దిగుతుంది. హైదరాబాద్ కోఠిలో డూప్లికేట్ తాళంచెవి చేయించారా? ఆ మెషీన్‌లో ఒకవైపు పాత తాళంచెవి, ఇంకోవైపు కొత్త ముక్క. సూత్రం అదే, ఇది తిరుగుతుంది కూడా. పేటెంట్ 1819లో వచ్చింది. 1823 నుంచి నాలుగేళ్ళు స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే కాంట్రాక్టుకి కూర్చుని, స్టాక్ పనినంతా 14 యంత్రాల వరసగా మార్చేశాడు.

నన్ను ఆపేసింది ఇక్కడే. ఆ వేళాకోళమాడినవాడి కథ నిజమైతే, ముందు పోయింది అతని పనే. ఏళ్ళ తరబడి నేర్చుకున్న చెయ్యి, కొన్నేళ్ళలోనే అక్కర్లేనిదైంది. మన బ్యాచ్‌లో ప్లేస్‌మెంట్ల గురించి మాట్లాడుకునేటప్పుడు నాకు ఆ పేరులేని మనిషే గుర్తొస్తున్నాడు, బ్లాంచర్డ్ కాదు. పోయింది ఇంకోటీ ఉంది. యంత్రం స్టాక్‌లన్నీ ఒకే కొలత. పొడుగు సిపాయికీ పొట్టి సిపాయికీ అదే మడమ, అదే అంచు. తుపాకీకి మనిషి సర్దుకోవాలన్నమాట.

ఆవిరి బండి, లోతు తక్కువ నదుల్లో నడిచే ఆవిరి పడవలు కూడా చేశాడు. వాటి గురించి రాస్తే వేరే వ్యాసం అవుతుంది. లేత్‌ని మాత్రం అందరూ ఎత్తుకుపోయారు. చెప్పుల అచ్చులు, గొడ్డలి కామాలు, బండి చక్రాల ఆకులు, అన్నీ దాని మీదే. కాపీ కొట్టే యంత్రాన్నే కాపీ కొట్టారు! కోర్టుల చుట్టూ తిరిగాడు. 1834లో, మళ్ళీ 1848లో పేటెంట్ గడువు పెంచమని కాంగ్రెస్‌ని ఒప్పించాడు. అందుకోసం పెద్ద పెద్ద నాయకుల తలల్ని అదే యంత్రం మీద తీసి, పార్లమెంటు భవనంలో ప్రదర్శించాడంటారు. నత్తి ఉన్నవాడికి అంతకంటే మంచి ఉపన్యాసం ఏముంటుంది? 1850లలో ఇంగ్లండ్ వాళ్ళు ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ కోసం ఈ రకం యంత్రాల్ని అమెరికా నుంచే కొనుక్కెళ్ళారు.

ముసలితనంలో చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. కోత చక్రానికి చెక్క నార ఎటు పోతోందో తెలీదు. వంపు తిరిగిన చోట నారని అడ్డంగా తెంపేస్తుంది, స్టాక్ మెడ విరిగేది కూడా అలాంటి చోటే. బ్లాంచర్డ్ తర్వాత కొయ్యని కోయకుండా వంచే యంత్రం చేశాడు. రెండు చివర్లనీ గట్టిగా నొక్కి పట్టి వంచుతాడు, దాంతో బయటివైపు నార సాగి చీలదు. నాగలి పిడి నుంచి ఓడ దూలాల దాకా పనికొచ్చింది. కార్బన్ ఫైబర్ స్టాక్ చేసేవాళ్ళు చేసేదీ ఇదేగా! అచ్చులో పొరల్ని బలం ఎటు కావాలో అటు పరిచి, రెసిన్ పట్టించి, లోపల నురుగు నింపుతారు. కిలోకంటే తక్కువ బరువు. చెక్కలా తేమకి ఉబ్బి గొట్టాన్ని నెట్టి గురి తప్పించదు. స్క్రూలు బిగించే చోట అల్యూమినియం దిమ్మలు. చెంప అంచుని పైకీ కిందకీ జరపొచ్చు, మడమ దగ్గర పలకలు పెట్టి చెయ్యి పొడుగుని బట్టి మార్చుకోవచ్చు. పోయిన కొలతలు స్క్రూల మీద తిరిగొచ్చాయి.

బ్లాంచర్డ్ 1864 ఏప్రిల్ 16న బోస్టన్‌లో పోయాడు. అప్పటికి అంతర్యుద్ధం నడుస్తోంది, స్ప్రింగ్‌ఫీల్డ్ ఏడాదికి రెండు లక్షలకి పైగా రైఫిళ్ళు దించుతోంది. ఆ ఆయుధశాల ఇప్పుడు మ్యూజియం. ఆయన లేత్ అక్కడ ఉంది.