ఆముదపు దొర వేక్‌ఫీల్డ్

ఇంజన్లు మన దేశానికి రాకపూర్వమే మన భాషలో కందెన అనే మాట ఉంది. ఆముదంలో గడ్డి మసి కలిపి ఎడ్లబండి ఇరుసుకు పూసే నల్లని ముద్ద అది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఏ ఊళ్ళో బండి కట్టినా కింద ఒక కందెన గొట్టం వేలాడవలసిందే. ఇప్పుడా ఊళ్ళ పక్కనుంచే ఔటర్ రింగు రోడ్డు మీద కార్లు దూసుకుపోతున్నాయి. మన మెకానికల్ మిత్రులు విద్యార్థుల ఫార్ములా పోటీల కోసం వర్క్‌షాపుల్లో రేసు బండ్లు కట్టుకుంటున్నారు. ఆ ఇరుసుకూ ఈ ఇంజనుకూ మధ్య వంతెనలాంటి వ్యక్తి ఒకరున్నారు. మన పెద్దలు బండికి పూసిన ఆముదాన్నే రేసు కార్లకూ విమానాలకూ అమ్మి, లండను నగరానికి మేయరై, చివరికి ప్రభువుల సభలో కూర్చున్నవారు సర్ చార్లెస్ చియర్స్ వేక్‌ఫీల్డ్. ఆయన పేరు తెలియనివారికి కూడా ఆయన డబ్బా మీది పేరు తెలుసు. అదే కాస్ట్రాల్.

వేక్‌ఫీల్డ్ 1859 డిసెంబరు 12న లివర్‌పూల్‌లో పుట్టారు. తండ్రి కస్టమ్సు శాఖలో ఉద్యోగి. కలవారి కుటుంబమేమీ కాదు. చదువు ఆ ఊరి లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్‌లో సాగింది. తరువాత చమురు వ్యాపారంలో దిగి, అమెరికావారి వాక్యూమ్ ఆయిల్ కంపెనీలో పైకొచ్చారు. ఇంజనీరింగు పట్టా ఏదీ లేదాయనకు. ఏ యంత్రానికి ఏ చమురు పనికొస్తుందో అమ్ముతూ అమ్ముతూ తెలుసుకున్న మనిషి అన్నమాట.

నలభై ఏళ్ళు నిండబోతున్న వయసులో, 1899లో, ఆయన ఆ ఉద్యోగం వదిలేశారు. పాత కంపెనీలో తనతో పనిచేసిన ఎనిమిది మందిని వెంటబెట్టుకుని లండనులోని చీప్‌సైడ్ వీధిలో సొంత దుకాణం తెరిచారు. మొదట అమ్మింది రైలు ఇంజన్లకూ, భారీ యంత్రాలకూ పనికొచ్చే చమురు. ఇంచుమించు ఆ రోజుల్లోనే మన మేడ్చల్ మీదుగా మన్మాడ్‌కు నిజాం వారి మీటరుగేజి రైలు మార్గం పడింది. ప్రపంచమంతా రైళ్ళు పడుతున్న కాలమది. ఎక్కడ చక్రం తిరిగితే అక్కడ చమురుకు గిరాకీ.

అయితే ఆయన పేరు నిలిపింది రైలు కాదు, మోటారు. మోటారు కారు ఇంజను, ఆవిరి ఇంజనుకంటే ఎన్నో రెట్లు వేగంగా తిరుగుతుంది, విపరీతంగా కాగుతుంది. ఆనాటి ఖనిజ తైలాలు చలికి గడ్డకట్టినట్టయ్యేవి, వేడికి నీళ్ళలా పలచబడేవి. వేక్‌ఫీల్డ్ కంపెనీవారు వెతికి వెతికి ఆముదం దగ్గర ఆగారు. దాన్ని కలిపి తయారుచేసిన చమురుకు 1909లో కాస్ట్రాల్ అని పేరు పెట్టారు. ఆముదాన్ని ఇంగ్లీషులో క్యాస్టర్ ఆయిల్ అంటారు కదా, ఆ రెండు మాటలనూ కుదించిన పేరది.

ఆముదంలో ఏముంది అంత గొప్ప? అందులో దాదాపు తొంభై శాతం రిసినోలియిక్ ఆమ్లం. దాని అణువులో ఒక హైడ్రాక్సిల్ సమూహం అదనంగా ఉండటంవల్ల ఆ నూనె లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకుంటుంది. బేరింగు మీద ఎంత ఒత్తిడి పడ్డా సన్నని పొర ఒకటి మిగులుతుంది. పైగా పెట్రోలులో ఆముదం సులభంగా కరగదు. ఈ రెండో గుణమే 1914-18 యుద్ధంలో దాన్ని ఆకాశానికెత్తింది. నాటి రోటరీ విమాన ఇంజన్లలో సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో పాటు గిర్రున తిరిగేవి. పెట్రోలు ఆవిరి క్రాంక్ కేసు గుండానే పోయేది. ఖనిజ తైలం పోస్తే పెట్రోలు దాన్ని కడిగేసేది. అందుకని ఆముదం. వాడిన నూనె మళ్ళీ సంపులోకి రాదు, సగం కాలి సగం కాలక బయటికి చిమ్మేది. ఆ తుంపర పైలట్ల ముఖాన పడేది, కడుపులోకీ పోయేది. ఆముదం కడుపులోకి పోతే ఏమవుతుందో మన ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వారివి నిజంగానే ఆముదం తాగిన ముఖాలు!

ఆ యుద్ధకాలంలో ఆముదపు గింజల కోసం ఇంగ్లండు మన దేశం వైపే చూసింది. అప్పటి హైదరాబాదు సంస్థానం ఆముదపు పంటకు పేరుపడ్డ ప్రాంతం. నల్లగొండ, మహబూబ్‌నగర్ చల్క నేలల్లో, వానమీద ఆధారపడి, మరో పంట నిలవని చోట అదే పండేది. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనం ఎగతాళిగా అనుకునే చెట్టు మరి. గింజలమ్ముకున్న రైతుకు విమానం సంగతి తెలిసే అవకాశం ఎక్కడిది? లాభం లండనులో లెక్క తేలింది.

యుద్ధం ముగిశాక రేసు కార్ల వంతు వచ్చింది. 1907లో తెరిచిన బ్రూక్‌లాండ్స్ వంటి ట్రాకుల మీద కాస్ట్రాల్ ఆర్ అనే ఆముదపు చమురు వాసన గుబాళించేది. అయితే ఈ కథలో విద్యార్థులు గమనించవలసిన అసలు విషయం రేసు అయిపోయాక మొదలవుతుంది. రేసులో ఎంత బాగా నిలిచినా, ఆ చమురును ఇంజనులో అలా ఉంచేస్తే ముప్పు. వేడికి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఆముదం చిక్కబడుతుంది, జిగురుగా మారుతుంది, పిస్టన్ రింగులను గాడుల్లో అతికించేస్తుంది. అందుకే మెకానిక్కులు రేసు కాగానే, ఇంజను వేడి మీద ఉండగానే, దాన్ని దింపేసేవారు. మామూలు ఖనిజ తైలంతో కలవదు కాబట్టి ఒకదాని మీద ఒకటి పోయడానికీ వీల్లేదు. పరుగులో ప్రాణమిచ్చి, పరుగు ముగిశాక భారమయ్యే చమురు.

ఈనాటి చమురుకూ పరీక్ష అదే, తీరు వేరు. మామూలు దారిలో సంపులో నూనె 90-110 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే, ట్రాకు మీద ఎడతెగక తోలినప్పుడు 130 దాటవచ్చు. ప్రతి పది డిగ్రీలకూ ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందని ఇంజనీర్ల లెక్క. వేడికి నూనె మరీ పలచబడకుండా కలిపే పొడవాటి పాలిమర్ గొలుసులు గేర్ల మధ్య, బేరింగుల మధ్య నలిగి తెగిపోతాయి. దాంతో నూనె పలచబడుతుంది. కాలని పెట్రోలు దిగి ఇంకా పలచన చేస్తుంది. మరోవైపు ఆక్సీకరణ దాన్ని చిక్కన చేస్తుంది. తమాషా ఏమిటంటే, ఈ రెండూ ఒకదానికొకటి సరిపోయి చిక్కదనం కొత్త నూనెలాగే కనిపించవచ్చు, లోపల మాత్రం మందులన్నీ అయిపోయి ఉండవచ్చు. కనుక వేలికి రాసుకుని రంగు చూసి తీర్పు చెప్పే మన గ్యారేజీ పద్ధతి ఇక్కడ చెల్లదు. 100 డిగ్రీల వద్ద చిక్కదనం, క్షార నిల్వ, పెట్రోలు శాతం, ఇనుము, రాగి, సీసం ఎంతెంత ఉన్నాయో ప్రయోగశాలలో చూడాలి. ఒక్కరోజు ట్రాకు మీద తోలి, అదే నూనెతో మరో ఆరునెలలు కాలేజీకి తిరిగే మిత్రులు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. (ఔటర్ రింగు రోడ్డు ట్రాకు కాదని విడిగా చెప్పనక్కరలేదనుకుంటాను.)

వేక్‌ఫీల్డ్ గారి దగ్గరికి మళ్ళీ వద్దాం. 1908లో సర్ బిరుదు, 1915-16లో లండను లార్డ్ మేయరు పదవి వచ్చాయి. 1930లో బారన్, 1934లో వైకౌంట్ అయ్యారు. సొంత సంతానం లేదు, ఒక బాలికను పెంచుకున్నారు. డబ్బు మాత్రం రెండు చేతులా ఖర్చుపెట్టారు. వేగంతో పందెం కట్టేవారెవరు వచ్చినా ఆయన తలుపు తెరిచే ఉండేది. 1930లో ఎమీ జాన్సన్ అనే యువతి ఒంటరిగా ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఎగరదలచినప్పుడు విమానం ఖరీదులో సగం ఆమె తండ్రిదైతే, తక్కిన సగం ఈయనది. మే 5న బయలుదేరి, మన దేశం మీదుగా కరాచీ, ఝాన్సీ, అలహాబాదు, కలకత్తాలలో దిగుతూ, మే 24న ఆమె డార్విన్ చేరింది.

మూడు వారాలు గడవకముందే రెండో వార్త. అంతకు ముందటేడు గోల్డెన్ యారో కారులో గంటకు 231 మైళ్ళు తోలి రికార్డు స్థాపించిన సర్ హెన్రీ సీగ్రేవ్, వేక్‌ఫీల్డ్ డబ్బుతో కట్టిన మిస్ ఇంగ్లండ్ రెండు అనే పడవలో 1930 జూన్ 13న విండర్‌మియర్ సరస్సు మీద నీటివేగం రికార్డు సాధించారు. ఆ వెంటనే పడవ బోల్తా పడింది. సీగ్రేవ్, ఆయన ఇంజనీరు హాలివెల్ ఇద్దరూ చనిపోయారు. పడవను పైకి తీసి బాగుచేయించారు, మరుసటి ఏడు మరొకరు దాంతోనే రికార్డు బద్దలుకొట్టారు. ఈ ఘట్టం దగ్గర నాకు వేక్‌ఫీల్డ్ మీద గౌరవం కొంచెం తడబడుతుంది. సాహసానికి సాయపడ్డారనుకోవాలా, డబ్బా మీద పేరుకు ప్రచారం కొన్నారనుకోవాలా? ఆయన వరకు రెండూ ఒకటేనేమో. ఆసుపత్రులకూ, గ్రంథాలయాలకూ ఆయన ఇచ్చిన విరాళాలకు మాత్రం ఏ ఇంజనుతోనూ సంబంధం లేదు.

1941 జనవరి 15న ఆయన కన్నుమూశారు. అప్పటికీ కంపెనీ పేరు వేక్‌ఫీల్డే. 1960లో సరుకు పేరే కంపెనీ పేరైంది. 1966లో బర్మా ఆయిల్, 2000లో బి.పి. దాన్ని కలుపుకున్నాయి. ఈనాడు బజారులో దొరికే మామూలు ఇంజన్ ఆయిల్లో ఆముదం ఉండదు, పేరులో తప్ప. పాతకాలపు రేసు కార్లవారు మాత్రం ఆముదపు చమురును ఇంకా తెప్పించుకుంటున్నారు, కొందరు వాసన కోసమే.

ఆముదం కథ మాత్రం ఇంజను వదిలి పోలేదు. దాన్ని క్షారంతో వేడిచేసి విడగొడితే సెబాసిక్ ఆమ్లం వస్తుంది. జెట్ ఇంజన్లు వచ్చిన కొత్తలో, ఎంత వేడికైనా జిగురుకట్టని నూనె కోసం వెతికినవారు ఆ ఆమ్లం నుంచే ఎస్టర్లు తయారుచేశారు. తొలి తరం జెట్ చమురులలో ముఖ్యమైనవి అవే. రేసు కాగానే దింపేయవలసిన ఆ పాత నూనె, రసాయనశాలలో రూపం మార్చుకుని టర్బైనుల్లోకి తిరిగొచ్చిందన్నమాట. హకీంపేట, దుండిగల్ విమానాలు మన తరగతి గదుల మీదుగా పోతూ పాఠం వినబడనీయకుండా చేసినప్పుడు, ఆ చప్పుడు వెనక కొంత ఆముదపు చరిత్ర కూడా ఉంది.