నాలుగు తీగలు, ఒక్క వేలు: జేమ్స్ జేమర్సన్ జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతిసారీ ఒక ప్రముఖుని జీవిత విశేషాలు వేయడం ఆనవాయితీ. అంబేద్కర్ గారు, జ్యోతిరావు ఫూలే గారు, అబ్దుల్ కలాం గారు, ఇలా ఎందరి గురించో చదువుకున్నాం. వ్యాసం చివర ఆ మహనీయుణ్ణి ఆదర్శంగా తీసుకుని మనమూ ఎదగాలని ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. ఈసారి నన్ను రాయమన్నారు. నేను ఎంచుకున్న మనిషి గురించి ఆ చివరి వాక్యం నేను రాయలేను. ఆయన విద్య చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, గౌరవం కలుగుతుంది. అయినా ఆయనలా కావాలని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. అలాంటి వారి గురించి కూడా ఒకసారి చదువుకుందాం మిత్రులారా!

ఆయన పేరు జేమ్స్ జేమర్సన్. అమెరికాకు చెందిన నల్లజాతి వాద్యకారుడు, బేస్ గిటార్ వాయించేవారు. 2020లో రోలింగ్ స్టోన్ అనే సంగీత పత్రిక గొప్ప బేస్ వాద్యకారులు యాభై మంది పేర్లతో జాబితా వేస్తే మొదటి పేరు ఆయనదే. అప్పటికి ఆయన చనిపోయి 37 ఏళ్లు.

బేస్ గిటార్ అంటే ఏమిటో తమ్ముళ్ల కోసం చెబుతాను. మామూలు గిటారుకు ఆరు తీగలుంటే దీనికి నాలుగే. తీగలు లావుగా ఉంటాయి, శబ్దం బాగా మందరంగా ఉంటుంది. ఇళయరాజా గారి పాట ఏదైనా పెట్టుకుని, పాడే గొంతునూ వయొలిన్లనూ కాసేపు పక్కన పెట్టి, అడుగున గుమ్ గుమ్ మని నడిచే శబ్దాన్ని పట్టుకోండి. అదే బేస్. ఫోన్ స్పీకర్లో సరిగా వినపడదు, ఇయర్‌ఫోన్స్ కావాలి. దాన్ని తీసేస్తే పాట పల్చబడిపోతుంది గానీ తగ్గింది ఏమిటో చాలామంది చెప్పలేరు.

జేమర్సన్ 1936 జనవరి 29న దక్షిణ కరోలినా రాష్ట్రంలోని ఎడిస్టో ద్వీపంలో పుట్టారు. బాల్యంలో కొంతకాలం నానమ్మ దగ్గర పెరిగారు. ఆమె పియానో వాయించేది, మేనత్త చర్చిలో పాడేది. చిన్నప్పుడు ఒక కర్రకు రబ్బరు బ్యాండు బిగించి, ఆ కర్రను చీమల పుట్టలో గుచ్చి మీటుతూ, చీమలు నాట్యం చేస్తున్నాయని సంబరపడేవారట. తల్లి పని వెతుక్కుంటూ డెట్రాయిట్ నగరానికి వెళ్లింది. ఆ రోజుల్లో దక్షిణాది నల్లజాతి కుటుంబాలు కార్ల ఫ్యాక్టరీలున్న ఉత్తరాది నగరాలకు వలస పోయేవి. 1954లో కొడుకు కూడా తల్లి దగ్గరికి చేరాడు. అక్కడ నార్త్‌వెస్టర్న్ హైస్కూల్లో మొదటిసారి బేస్ పట్టుకున్నారు. అది గిటారు కాదు, మనిషంత ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద కర్ర వాద్యం. చదువుకునే రోజుల్లోనే రాత్రుళ్లు క్లబ్బుల్లో జాజ్, బ్లూస్ వాయించడం మొదలుపెట్టారు. ఆయనకు భార్య పేరు యానీ. చిన్న వయసులోనే సంసారం మీద పడింది.

కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన బెర్రీ గోర్డీ అనే యువకుడు 1959లో ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని రికార్డుల కంపెనీ పెట్టాడు. అదే తరువాత మోటౌన్‌గా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్‌లో ఒక మామూలు ఇల్లు కొని, వెనుక భాగాన్ని స్టూడియోగా మార్చారు. రోజుకు 22 గంటలు ఆ స్టూడియో నడిచేది. అక్కడ వాయించే బృందానికి ఫంక్ బ్రదర్స్ అని పేరు. జేమర్సన్ 1959 నుంచే అందులో ఉన్నారు.

ఇక ఆయన చేతి విద్య గురించి చెప్పాలి. ఆయనకు ముందు పాప్ పాటల్లో బేస్ వాయించేవారి పని చాలా తేలిక. ఏ తాళానికి ఏ స్వరం ఆధారమో దాన్ని తాళం మీద పడేలా కొడితే సరిపోయేది. జేమర్సన్ తాళానికీ తాళానికీ మధ్య ఉండే ఖాళీలో స్వరాలు పెట్టారు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి నేరుగా గెంతకుండా మధ్యలో మెట్లు వేసుకుంటూ వెళ్లేవారు. ఒక చరణంలో వాయించింది తరువాతి చరణంలో అలాగే వాయించరు. ఇంత చేసినా పాడేవారికి అడ్డం రారు. 1968లో స్టీవీ వండర్ పాడిన ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్ వినండి. పాటకు సమానంగా కింద ఇంకో పాట పరుగెడుతున్నట్టు ఉంటుంది.

మరో వింత ఏమిటంటే, కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే ఆయన తీగ మీటేవారు. తోటివారు ఆ వేలికి కొక్కెం అని పేరు పెట్టారు. ఆయన గిటారు 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్. దాని తీగలు తెగితే తప్ప మార్చేవారు కాదు. పాతబడి మొద్దుబారిన తీగలోనే తనకు కావలసిన శబ్దం ఉందని ఆయన నమ్మకం. తీగలు మెడకు బాగా ఎత్తులో ఉండేవి కాబట్టి వేరేవాళ్లు ఆ గిటారు పట్టుకుంటే వేళ్లు నొప్పి పుట్టేవి.

పీజీ హాస్టల్లో నా రూమ్మేట్ గిటారు నేర్చుకుంటున్నాడు. రాత్రి భోజనం అయ్యాక బేస్ వాద్యకారుల వీడియోలు పెట్టి నాకూ చూపిస్తాడు. నాలుగు వేళ్లతో మెరుపులా వాయించేవాళ్లు, బొటనవేలితో తీగను చరిచేవాళ్లు, ఎందరో ఉన్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తాను. అయిపోయాక నా పుస్తకం నేను తీసుకుంటాను. ఇంత చూసినా నీకు నేర్చుకోవాలని అనిపించదా అని వాడికి ఆశ్చర్యం. నిజంగా అనిపించదు. ముందు ఇది నాలో ఏదో లోపం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

ఎందుకంటే ఇలాంటి మెచ్చుకోలు నాకు ఇంట్లోనే అలవాటు. మా నాన్న డప్పు వాయిస్తారు. మా వైపు దాన్ని పలక అంటారు. మంట దగ్గర కాచి, వేలితో తట్టి చూసి, ఇంకాస్త కాచి, చిటికెన పుల్ల పట్టుకున్నారంటే నడిచేవాళ్ల అడుగులు మారిపోతాయి. పెళ్లి దెబ్బ వేరు, జాతర దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు. నాకు మూడూ తెలుసు గానీ ఒక్కటీ కొట్టడం రాదు. నాన్న ఆ పలక తన దగ్గర ఉంచుకుని, బడికి పట్టుకెళ్లే పలక నా చేతికిచ్చారు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. మా నాన్న విద్యను ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది. అయితే అది నా దారి కాదు, ఆయనకూ అది ఇష్టం లేదు.

హాస్టల్ పిల్లలకు ఎవరిని చూపించినా చూసి నేర్చుకోమనే చూపిస్తారు. చూపించే పెద్దలది మంచి మనసే. కానీ ఒక మనిషి పనిని మనకేం ఒరుగుతుందని లెక్క వేయకుండా, ఊరికే చూసి సంతోషించే వీలు మనకు బాగా తక్కువ. జేమర్సన్ దగ్గర నాకు ఆ వీలు దొరికింది.

పైగా ఆయన జీవితాన్ని ఆదర్శం అని చెప్పడానికి నాకు నోరు రాదు. కష్టపడితే పేరు వస్తుంది అంటారు కదా, ఆయన విషయంలో అలా జరగలేదు. పదేళ్లకు పైగా వందలాది రికార్డుల్లో వాయించారు. రికార్డు మీద పాడినవారి పేరు, రాసినవారి పేరు అచ్చయ్యేవి, వాయించినవారివి కాదు. మన సినిమా క్యాసెట్ల అట్టల మీద కూడా వాద్యకారుల పేర్లు ఎక్కడో గానీ కనపడవు. డబ్బు మాత్రం వచ్చింది, 1968 నాటికి వారానికి వెయ్యి డాలర్లు ఇచ్చేవారు. 1971లో మార్విన్ గే చేసిన వాట్స్ గోయింగ్ ఆన్ ఆల్బం అట్ట మీద మొదటిసారి వాద్యకారుల పేర్లు వేశారు. జేమర్సన్ పేరు ముందు సాటిలేని అనే విశేషణం కూడా చేర్చారు. ఆ పాట వాయించిన రాత్రి ఇంటికి వచ్చి, ఈరోజు చేసింది గొప్ప కళాఖండం అని భార్యతో చెప్పారట. ఆ రోజు బాగా తాగి ఉండి, కూర్చోలేక నేల మీద పడుకుని వాయించారని కూడా చెబుతారు. చాలామంది ఈ సంగతిని గొప్పగా చెప్పుకుంటారు. నాకు అందులో గొప్ప కనపడదు. ఆ తాగుడే ఆయన ప్రాణం తీసింది.

1972లో మోటౌన్ కంపెనీ డెట్రాయిట్ వదిలి లాస్ ఏంజిల్స్‌కు వెళ్లిపోయింది. అన్నేళ్లు పనిచేసిన వాద్యకారులకు ముందుగా పిలిచి చెప్పినవారు లేరు. స్టూడియోకు వస్తే తలుపు మీద నోటీసు ఉంది. జేమర్సన్ కూడా లాస్ ఏంజిల్స్ వెళ్లారు గానీ అక్కడ నిలదొక్కుకోలేకపోయారు. కొత్త నిర్మాతలకు మారకుండా ఒకే వరుస వాయించే బేస్ కావాలి, కొత్త తీగల మెరిసే శబ్దం కావాలి. ఆయనకు అది చేతకాక కాదు, ఇష్టం లేక. తాగుడు పెరిగింది, పిలుపులు తగ్గాయి.

1983 మార్చి 25న పసడేనా నగరంలో మోటౌన్ 25 ఏళ్ల వేడుక చేశారు. మైకేల్ జాక్సన్ మూన్‌వాక్ చేసి ప్రపంచాన్ని ఊపేసిన కార్యక్రమం అదే, చాలామంది చూసే ఉంటారు. ఆ వేదిక మీద పాడిన పాత పాటలు ఎన్నింటికో మొదట బేస్ వాయించిన జేమర్సన్‌కు ఆహ్వానం రాలేదు. టికెట్ కొనుక్కుని బాల్కనీలో కూర్చుని చూశారు. అదే ఏడాది ఆగస్టు 2న, 47 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అంతకు కొద్దిరోజుల ముందే ఆయన ఫెండర్ గిటారును ఎవరో దొంగిలించారు.

తరువాత 1989లో ఆయన మీద పుస్తకం వచ్చింది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2002లో ఫంక్ బ్రదర్స్ మీద డాక్యుమెంటరీ సినిమా తీశారు. బీటిల్స్ బృందంలో బేస్ వాయించిన పాల్ మెకార్ట్నీ తాను అభిమానించిన బేస్ వాద్యకారుడు జేమర్సన్ అని చెప్పారు. అయితే చాలా ఏళ్ల వరకు ఆ చెయ్యి ఎవరిదో ఆయనకూ పేరు తెలియదట.

వినాలని ఉన్న తమ్ముళ్లు 1964 చివర్లో వచ్చిన మై గర్ల్ పాటతో మొదలుపెట్టండి. ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. గిటారు రాకముందు, గొంతులు రాకముందు, మొదట వినిపించేది జేమర్సన్ ఒక్కరే.