మనసుకూ వరద వస్తుంది

మూసీ వరదలో ఇంటిల్లిపాదినీ కోల్పోయిన కవి అమ్జద్ హైదరాబాదీ. ఆయన జీవితం తెలిస్తే, డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అనే మానసిక సమస్య ఎందుకొస్తుందో, ఎలా నయమవుతుందో అర్థం చేసుకోవడం తేలికవుతుంది.

చార్మినార్ వైపు నుంచి నయాపూల్ దాటి అఫ్జల్‌గంజ్ వస్తే ఉస్మానియా ఆస్పత్రి. ఆ ఆవరణలోని పాత చింతచెట్టు గురించి మీరు వినే ఉంటారు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగినప్పుడు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఆ వరదలో పోయినవాళ్లు దాదాపు 15 వేల మందని అంచనా. పాతబస్తీలో దాన్ని తుగ్యానీ అంటారు.

ఆ రోజు ప్రాణాలతో మిగిలినవారిలో ఒక యువకుడున్నారు. పేరు సయ్యద్ అహ్మద్ హుస్సేన్. కలం పేరు అమ్జద్.

అమ్మే లోకం

అమ్జద్ పసివాడిగా ఉన్నప్పుడే తండ్రి కన్నుమూశారు. ఉన్నంతలో తల్లే పెంచారు. కొడుకు నాలుగు అక్షరాలు నేర్చుకోవాలన్నది ఆమె పట్టుదల. శిబ్లీగంజ్‌లోని జామియా నిజామియాలో చదివారు. చిన్న వయసులోనే కవిత్వం అబ్బింది. పెళ్లయింది, పాప పుట్టింది. ఆ ఇల్లు అలా కుదురుకుంటున్న సమయంలో తుగ్యానీ వచ్చింది.

తల్లి, భార్య, కూతురు ముగ్గురూ నీళ్లలో కొట్టుకుపోయారు. ఆయన ఒక్కరే మిగిలారు. తెల్లారేసరికి కొడుకు, భర్త, తండ్రి అనే మూడు బంధాలూ తెగిపోయాయి.

అలాంటప్పుడు మనసు ఏం చేస్తుంది?

తట్టుకోలేనంత దెబ్బ తగిలినప్పుడు మనసు ఒక్కోసారి అక్కడి నుంచి పక్కకు తప్పుకుంటుంది. ఇదంతా తనకు కాదు, ఇంకెవరికో జరుగుతున్నట్టు అనిపిస్తుంది. చుట్టూ ఉన్నది కలలా తోస్తుంది. కొన్ని గంటలు అసలు గుర్తుండకపోవచ్చు. దీన్నే డిసోసియేషన్ అంటారు. రోడ్డు ప్రమాదం నుంచి బయటపడినవారిలోనూ ఇది కనిపిస్తుంది. చాలామందికి కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది.

దీన్ని లోతుగా పరిశీలించిన తొలితరం పరిశోధకుల్లో ఫ్రాన్స్‌కు చెందిన పియర్ జానే ముఖ్యులు. 1889లోనే ఆయన దీనిపై పుస్తకం ప్రచురించారు. జరిగినదాన్ని మన కథలో భాగంగా చెప్పుకోగలిగితేనే అది మామూలు జ్ఞాపకం అవుతుందని, చెప్పుకోలేనిది విడిపోయి లోపల వేరుగా ఉండిపోతుందని ఆయన వివరించారు.

అమ్జద్ చెప్పుకోగలిగారు. ఆ వరదను ఖయామతె సుగ్రా, అంటే చిన్న ప్రళయం, అనే కవితగా రాశారు. పిల్లలకు పాఠాలు చెప్పారు. నిజాం సర్కారు లెక్కల శాఖలో ఉద్యోగం చేశారు. మళ్లీ పెళ్లి చేసుకున్నారు. హజ్ యాత్రకు వెళ్లి వచ్చి ఆ అనుభవాన్ని పుస్తకంగా తెచ్చారు. నాలుగు పాదాల్లో జీవితసారం చెప్పే రుబాయీలో ఆయనకు సాటి లేదని పేరు తెచ్చుకున్నారు. మనకు వేమన పద్యం ఎంత దగ్గరో ఉర్దూ వాళ్లకు ఆ రుబాయీలు అంత దగ్గర. వరద తర్వాత అర్ధ శతాబ్దానికి పైగా జీవించి 1961లో కన్నుమూశారు.

కవిత్వం రాయగానే దుఃఖం తీరిపోయిందని అనుకోకండి. ఆయనకు ఈ జబ్బు ఉందనీ ఎవరూ అనలేరు. మనం గమనించాల్సింది వేరే ఉంది. దెబ్బ తగిలేనాటికి ఆయన పెద్దవారు. తానెవరో తెలుసు. చెప్పుకోవడానికి భాష ఉంది. అన్నిటికీ మించి, ఆ దుఃఖం ఊరంతటిదీ. వరదే రాలేదని ఆయన్ను బుకాయించినవారు ఎవరూ లేరు.

ఇవేవీ లేని పసివాళ్ల సంగతేమిటి?

ఒకే మనిషిలో ముక్కలు

ఐదారేళ్ల పిల్లకు నేను అనే భావన ఇంకా పూర్తిగా ఏర్పడదు. ఆ వయసులో కొట్టడం, లైంగికంగా హింసించడం, తిండికీ ఆప్యాయతకూ దూరం చేయడం లాంటివి మళ్లీ మళ్లీ జరిగితే, అదీ కాపాడాల్సిన ఇంట్లోనే జరిగితే, ఆ పిల్ల ఎక్కడికి పారిపోగలదు? చెబితే నమ్మేవారుండరు. అప్పుడు మనసే గదులు గదులుగా విడిపోతుంది. బాధను మోసే భాగం ఒకటి, ఏమీ ఎరగనట్టు బడికి వెళ్లే భాగం మరొకటి. పెద్దయ్యాక ఈ భాగాలే వేర్వేరు వ్యక్తుల్లా బయటపడతాయి. ఇదే డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్, క్లుప్తంగా డీఐడీ. 1994 వరకు మల్టిపుల్ పర్సనాలిటీ డిజార్డర్ అనేవారు. దీని వెనక సూచనల, సినిమాల, సంస్కృతి ప్రభావమూ ఉంటుందని వాదించే నిపుణులూ ఉన్నారు. అయితే ఎక్కువమంది రోగుల గతంలో కనిపించేది చిన్ననాటి తీవ్ర హింసే.

సినిమాల్లో చూపించినట్టు వీళ్లు హంతకులు కారు. ఇతరులకన్నా తమకు తామే హాని చేసుకునే ప్రమాదం ఎక్కువ. ఇది స్కిజోఫ్రెనియా కూడా కాదు.

ఈ లక్షణాలు గమనించండి

- రోజువారీ పనులు, కొన్ని గంటలు లేదా రోజులు గుర్తులేకపోవడం
- తాను కొన్నట్టు గుర్తులేని వస్తువులు తన దగ్గరే కనిపించడం
- గొంతు, నడత, ఇష్టాలు ఉన్నట్టుండి మారిపోవడం
- తన శరీరాన్ని తానే బయటి నుంచి చూస్తున్నట్టు అనిపించడం
- వీటితోపాటు దిగులు, పీడకలలు, చనిపోవాలన్న ఆలోచనలు

పూనకం జబ్బేనా?

లాల్‌దర్వాజా బోనాలు 1908 వరదల తర్వాతే మొదలయ్యాయని పాతబస్తీలో చెప్పుకుంటారు. జాతరలో అమ్మవారు పూనడం మన ఆచారంలో భాగం. అది ఆ సందర్భానికే పరిమితమై, తర్వాత మనిషి మామూలుగా ఉంటే జబ్బు అనలేం. కానీ అవసరం లేని వేళ, ఇష్టం లేకుండా, పదే పదే వస్తూ చదువునూ సంసారాన్నీ దెబ్బతీస్తుంటే డాక్టరుకు చూపించాలి. దయ్యం పట్టిందని కొట్టించడం, కట్టేయించడం చేయకండి. హింస వల్ల వచ్చిన సమస్య మరింత హింసతో పోదు.

చికిత్స ఎలా?

డీఐడీని తగ్గించే మాత్ర అంటూ ప్రత్యేకంగా లేదు. దిగులు, ఆందోళన, నిద్రలేమి ఉంటే వాటికి మందులు ఇస్తారు. అసలు చికిత్స సైకోథెరపీ. అది మూడు దశల్లో, తరచూ ఏళ్లపాటు సాగుతుంది.

తుగ్యానీ తర్వాత నగరం ఏం చేసిందో గుర్తు చేసుకోండి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై ఎగువన జలాశయాలు కట్టారు. 1920లో గండిపేట, ఆ తర్వాత హిమాయత్‌సాగర్ వచ్చాయి. నదిని ఆపేయలేదు, నీటిని కొంచెం కొంచెంగా వదిలే ఏర్పాటు చేశారు. చికిత్సా అంతే. మొదటి దశలో మనిషికి భద్రత, నిద్ర, భయం ముంచుకొచ్చినప్పుడు తట్టుకునే ఉపాయాలు. రెండో దశలో పాత గాయాన్ని తట్టుకోగలిగినంత మేరకే బయటకు తేవడం. మూడో దశలో విడిపోయిన భాగాలు ఒకదానితో ఒకటి కలిసి నడిచేలా, వీలైతే ఒకటయ్యేలా చేయడం. గాయాన్ని తొందరపడి కెలికితే మళ్లీ వరదే.

ఇంట్లోవాళ్లు నటన అని ఎగతాళి చేయొద్దు. గతం గురించి గుచ్చి గుచ్చి అడగొద్దు. సైకియాట్రిస్టు దగ్గరకు తీసుకెళ్లండి. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో వైద్యం దొరుకుతుంది. చనిపోవాలన్న మాట వినిపిస్తే ఆలస్యం వద్దు. టెలి మానస్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఇక పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒక మాట. ఫలానా మామయ్య దగ్గరికి వెళ్లనని మీ పాప మొరాయిస్తే కసరకండి. పక్కన కూర్చోబెట్టుకుని వినండి, నమ్మండి. అమ్జద్ బాధకు ఊరంతా సాక్షి. మీ పాప బాధకు మీరొక్కరే సాక్షి కావచ్చు.