తిరుత్తణి కుర్రవాడి కళాశాల చదువు



ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మన విచారణ గురువుల గది ముందున్న బల్ల మీద తల్లిదండ్రులు వరుసగా కూర్చోవడం మొదలవుతుంది. ఒకరి చేతిలో మార్కుల జాబితా, మరొకరి చేతిలో మీసేవలో తీసుకున్న ఆదాయం పత్రం, కులం పత్రం. మనవాళ్ళకు ఈ కులం పత్రం దగ్గరే మొదటి చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూలంగా క్రైస్తవులైన దళిత కుటుంబాలకు ఎస్సీ హోదా లేదు, బి.సి.-సి కింద దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ సంగతి తెలియక గడువు దాటబెట్టుకున్నవాళ్ళను ఎందరినో చూశాను.

కిందటేడు ఆ బల్ల మీద నా పక్కన ఒక తండ్రి కూర్చున్నారు. పల్లెటూరి విచారణకు చెందినవారు. కూతురికి మంచి క్రైస్తవ కళాశాలలో సీటు వచ్చింది. ఫీజు సంగతి ఎలాగో తేల్చుకోవచ్చు గాని హాస్టలుకు, పుస్తకాలకు చేతిలో పైసా లేదు. గురువుల దగ్గర ఉత్తరం తీసుకుందామని వచ్చారు. వచ్చారు గాని మనసు ఒప్పుకోవడం లేదు. ఒకరి ముందు చేయి చాచి చదివిస్తే ఆ పిల్ల రేపు ఎవరి ముందైనా తలెత్తుకుని నిలబడగలదా అన్నది ఆయన బెంగ. సహాయం ఇచ్చినవాళ్ళకు పిల్ల జీవితాంతం కట్టుబడి ఉండాలేమో అన్న భయం కూడా ఆ మాటల్లో వినిపించింది.

ఆ రోజు ఆయనకు ఒక పెద్దాయన కథ చెప్పాను. ఆ పెద్దాయన పేరు మీ అందరికీ తెలుసు. ప్రతి సెప్టెంబరు 5న మన బడుల్లో ఆయన పటానికి దండ వేస్తారు. అయితే ఆ దండ వెనకనున్న బీద విద్యార్థి సంగతి పిల్లలకు ఎవరూ చెప్పినట్టు కనబడదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో పుట్టారు. ఆ ఊరు ఆనాడు మద్రాసు రాజధానిలో ఉండేది. 1960లో తమిళ దేశంలోకి వెళ్ళింది. వారిది తెలుగు బ్రాహ్మణ కుటుంబం. ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది, పూర్వీకులది నెల్లూరు జిల్లా సర్వేపల్లి. తండ్రి వీరాస్వామి గారు జమీందారు కొలువులో చిన్నపాటి రెవెన్యూ ఉద్యోగి. తల్లి సీతమ్మ గారు. ఇల్లు గడవడమే కష్టమైన సంసారం. అలాంటి ఇంట్లో పిల్లవాడిని పట్నం పంపి ఇంగ్లీషు చదువు చెప్పించడమంటే ఆ రోజుల్లో మాటలు కాదు.

1896లో, ఎనిమిదేళ్ళ వయసులో, ఆ పిల్లవాడు తిరుపతిలోని లూథరన్ మిషను బడిలో చేరాడు. జర్మనీ దేశపు హెర్మన్స్‌బుర్గ్ మిషనువారు నడిపిన బడి అది. వేంకటేశ్వరస్వామి కొండ కింద, క్రైస్తవ మిషను బడిలో, వైదిక కుటుంబపు పిల్లవాడు! ఆ తర్వాత వేలూరు వెళ్ళి అక్కడి వూర్హీస్ కళాశాలలో చదివాడు. అది అమెరికన్ ఆర్కాట్ మిషనువారిది. వేలూరు అంటే మనవాళ్ళకు వెంటనే ఆసుపత్రి గుర్తుకొస్తుంది. అదే మిషనుకు చెందిన డాక్టర్ ఐడా స్కడర్ 1900లో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది కూడా ఆ ఊళ్ళోనే, ఆ సంవత్సరాల్లోనే.

వూర్హీస్ అన్న పేరు ఎక్కడిదో చెప్పాలి. అమెరికాలోని న్యూజెర్సీలో రాల్ఫ్ వూర్హీస్ అనే ధనికుడు ఉండేవారు. ఆయనకు చూపు లేదు. భార్య పేరు ఎలిజబెత్. ఆ దంపతులు తమ సొమ్మును చదువుల కోసం ఎక్కడెక్కడికో పంపారు. దక్షిణ కరోలినాలో నల్లజాతి పిల్లల కోసం ఒక స్త్రీ కష్టపడి పెట్టిన బడికి 1902లో సాయం చేసింది కూడా వీరే. ఆ బడికీ వూర్హీస్ పేరే నిలిచింది. వేలూరు కళాశాలకు ఎలిజబెత్ అమ్మగారి పేరు పెట్టారు. సముద్రాల అవతలి ఆ చూపులేని పెద్దమనిషి, తిరుత్తణి కుర్రవాడు ఒకరినొకరు ఎరుగరు.

ఒక్క దాతల సొమ్ముతోనే ఆ కళాశాలలు నడిచాయనుకోకండి. 1854లో కంపెనీ ప్రభుత్వం ఉన్నప్పుడే వుడ్ దొరగారి విద్యా పత్రం వచ్చింది. ప్రైవేటు బడులకు, మిషను బడులతో సహా, సర్కారు గ్రాంటు ఇవ్వవచ్చునని అందులో తేల్చారు. గ్రాంటు కావాలంటే ఇన్‌స్పెక్టర్లు వచ్చి చూస్తారు. మతబోధ జోలికి వారు రారు, లౌకిక విద్య ఎలా ఉందో చూస్తారు. ఇంకో షరతు కూడా ఉంది. విద్యార్థి దగ్గర ఎంత చిన్నదైనా సరే రుసుము వసూలు చేయాలి. ఊరికే వచ్చిన చదువును ఎవరూ విలువ చేయరని వారి లెక్క. ఆ లెక్క ఎంతవరకు సబబో నాకు అనుమానమే. ఏమైనా, దాతల విరాళం, సర్కారు గ్రాంటు, పిల్లల ఫీజు అన్న మూడింటి మీద మిషను కళాశాలలు నిలబడ్డాయి. ఆ మూడోది కట్టలేని పిల్లవాడికి దారి స్కాలర్‌షిప్పు ఒక్కటే. రాధాకృష్ణన్ గారి చదువు పొడవునా స్కాలర్‌షిప్పులే ఆయన్ను మోశాయి. అవి అందకపోతే ఆ చదువు తిరుత్తణి దాటేది కాదు.

వేలూరులో ఉండగానే 1903లో ఆయనకు శివకాము గారితో వివాహం జరిగింది. చదువుకునే పిల్లవాడే సంసారి కూడా అయ్యాడన్న మాట. మరుసటి సంవత్సరం మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు. ఈనాడు తాంబరంలో ఉన్న కళాశాలే అది. 1937 దాకా మద్రాసు నగరం నడిబొడ్డునే ఉండేది. స్కాట్లండు మిషనువారు 1837లో చిన్న బడిగా మొదలుపెట్టిన దాన్ని మహా కళాశాలగా పెంచినవారు డాక్టర్ విలియం మిల్లరు. తన సొంత ఆస్తి కూడా దాని మీదే పెట్టిన మనిషి ఆయన. మన పక్కనున్న డోర్నకల్‌ను కేంద్రం చేసుకొని పనిచేసిన అజరయ్య గారు, 1912లో భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన ఆయన, ఆ కళాశాల విద్యార్థే. రాధాకృష్ణన్ గారు చేరేనాటికి మిల్లరు గారే ఇంకా ప్రిన్సిపాలు.

బి.ఏ.లో ఏ సబ్జెక్టు తీసుకోవాలి? ఈ ప్రశ్న మన ఇళ్ళలోనూ ఏటా వినబడేదే. మార్కులు చూస్తాం, ఉద్యోగాలు చూస్తాం. రాధాకృష్ణన్ గారు చూసింది పుస్తకాల ఖరీదు. వరుసకు సోదరుడయ్యే ఒకాయన అదే కళాశాలలో చదువు ముగించి, తన తత్వశాస్త్రం పాఠ్యపుస్తకాలు ఈయనకు ఇచ్చేశాడు. కొనవలసిన పని లేదు. దాంతో సబ్జెక్టు నిర్ణయమైపోయింది. ఆ బంధువు గనక గణితమో చరిత్రో చదివి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ప్రపంచం తత్వవేత్తగా ఎరిగిన మనిషి ఆ శాస్త్రంలోకి అడుగుపెట్టింది వాడేసిన పుస్తకాలు ఉచితంగా దొరికాయి గనక!

ఇక్కడ ఒక చేదు మాట చెప్పక తప్పదు. ఆ కాలపు మిషను తరగతుల్లో హిందూ మతాన్ని తూలనాడిన ఉపాధ్యాయులు ఉన్నారు. భక్తిగల ఇంటి నుంచి వచ్చిన ఈ కుర్రవాడికి ఆ మాటలు ముల్లులా గుచ్చుకున్నాయి. తన విశ్వాసంలో నిజంగా లోపముందా అని లోలోపల మథనపడ్డాడు. ఆ బాధ గురించి ఆయనే తర్వాత రాసుకున్నారు. తమ పెద్దలు నమ్మినదాన్ని శోధించి తెలుసుకోవాలన్న పట్టుదల అక్కడే పుట్టింది.

వేదాంతంలో నీతికి చోటు లేదని ఆనాడు కొందరు క్రైస్తవ పండితులు వాదించేవారు. ఎం.ఏ. పరీక్ష కోసం రాధాకృష్ణన్ గారు రాసిన సిద్ధాంత వ్యాసం ఆ వాదానికి నేరుగా జవాబు. ఒక్కసారి ఆలోచించండి. క్రైస్తవ కళాశాల, క్రైస్తవ అధ్యాపకులు, స్కాలర్‌షిప్పు మీద బతుకుతున్న పేద విద్యార్థి. ఆ విద్యార్థి ఆ బల్ల మీదే కూర్చొని, మిషనరీల వాదం తప్పని రాసి, దిద్దమని ఆ మిషనరీ అధ్యాపకుల చేతికే ఇచ్చాడు. స్కాలర్‌షిప్పు పోతుందని భయపడి ఉంటే ఆ వ్యాసం పుట్టేదా?

దాన్ని చదివిన అధ్యాపకుల్లో ఇద్దరి పేర్లు గుర్తుంచుకోదగినవి. ఒకరు విలియం మెస్టన్ గారు, రెండోవారు ఆల్ఫ్రెడ్ జార్జి హాగ్ గారు. హాగ్ గారు తామే హిందూ ధర్మాన్ని శ్రద్ధగా చదివి, కర్మ సిద్ధాంతం మీద పుస్తకం రాసిన మనిషి. శిష్యుడి అభిప్రాయంతో ఆయనకు ఏకీభావం లేదు. అయినా ఇద్దరూ ఆ వ్యాసాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకున్నారు. 1908లో అది అచ్చయింది. గ్రంథకర్తకు అప్పటికి ఇరవై ఏళ్ళు.

ఆ అధ్యాపకుల పట్ల నాకు గౌరవం ఎక్కువ. డబ్బు ఇచ్చినవారి మాటకు తలాడించేవాడిని తయారుచేయడం చాలా తేలిక. మిల్లరు గారిని ఆయన స్వదేశంలో కొందరు తప్పుపట్టేవారు; ఇంత ఖర్చు పెట్టి ఎందరిని మార్చారని లెక్క అడిగేవారు. మనసులను వికసింపజేయడమే కళాశాల పని, ఫలితం దేవుడిదని ఆయన పట్టు వదలలేదు. ఆ పట్టుదల లేకపోతే హాగ్ గారివంటి అధ్యాపకులకు అక్కడ చోటు దొరికేదా అని నాకు అనిపిస్తుంది.

తర్వాతి కథ మీకు తెలిసినదే, త్వరగా చెబుతాను. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగం వచ్చింది. 1918లో మైసూరు, 1921లో కలకత్తా. విదేశాల్లో చదివే స్తోమత ఆయనకు ఏనాడూ కలగలేదు. విదేశీ పట్టా కోసం చదవనూ లేదు. 1926లో మొదటిసారి ఆక్స్‌ఫర్డుకు వెళ్ళింది ఉపన్యాసాలు ఇవ్వడానికి. 1936లో స్పాల్డింగ్ అనే దాత నిధితో ఏర్పడిన ఆచార్య పీఠం ఆయనకు దక్కింది.

మధ్యలో 1931 నుంచి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. ఇప్పుడు బల్లకు అవతలి వైపు కూర్చున్నారన్న మాట. ఒకప్పుడు స్కాలర్‌షిప్పు పుచ్చుకున్న చేయి ఇప్పుడు విద్యార్థుల కోసం, ప్రయోగశాలల కోసం నిధులు వెదకవలసి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టిన సాయాల్లో జయపురం మహారాజా విక్రమదేవవర్మ గారు ఏటా ఇచ్చిన లక్ష రూపాయలు పెద్దవి. ఆనాటి లక్ష అంటే సామాన్యం కాదు సుమండీ!

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో దేశపు విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి ఆయన అధ్యక్షులయ్యారు. ఈనాడు కళాశాలలకు గ్రాంట్లు ఇచ్చే యు.జి.సి. ఆ సంఘం సిఫారసు ఫలితంగా ఏర్పడినదే. మరో సిఫారసు మన పాఠకులకు ఆసక్తి కలిగించవచ్చు. కళాశాలలో పని మొదలుపెట్టే ముందు కొన్ని నిమిషాలు మౌనధ్యానం చేయాలని, డిగ్రీ మొదటి సంవత్సరంలో బుద్ధుడు, సోక్రటీసు, యేసు మొదలైన మహాత్ముల జీవితాలు బోధించాలని ఆ సంఘం కోరింది. తిరుపతి, వేలూరు తరగతుల్లో గాయపడిన ఆ కుర్రవాడు పెద్దవాడయ్యాక యేసు జీవితాన్ని పాఠం నుంచి తీసేయమనలేదు. అందరి జీవితాలతో పాటు చెప్పమన్నాడు.

1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి. 1964లో ఆరవ పౌలు పాపుగారు దివ్యసత్ప్రసాద మహాసభకు బొంబాయి వచ్చినప్పుడు దేశాధ్యక్షులు ఆయనే. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు. అంతకు ముందే టెంపుల్‌టన్ బహుమతి వచ్చింది; 1973లో మొదటిసారిగా మదర్ తెరెసా గారికి ఇచ్చిన బహుమతి అదే. ఆ సొమ్ము యావత్తూ ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1989లో ఆ విశ్వవిద్యాలయం ఆయన పేరిట స్కాలర్‌షిప్పులు నెలకొల్పింది.

మన కథోలిక కళాశాలల చరిత్ర వేరే చెప్పుకోవాలి. 1925లో మద్రాసు లొయోలా, 1950లలో బెజవాడ ఆంధ్ర లొయోలా వెలిశాయి. వాటి నిర్మాణానికి క్రైస్తవులే కాక ఎందరో ఇతరులు ఇచ్చిన విరాళాల సంగతి మరో వారం రాస్తాను.

ఆ తండ్రి ఈ కథంతా విన్నారు. మధ్యలో ఒకటి రెండుసార్లు గురువుల గది తలుపు వైపు చూశారు. ఆయన వంతు వచ్చింది. లేచి, ఫైలు సర్దుకొని, గుమ్మం దగ్గర ఆగి నన్ను ఒక్క విషయం అడిగారు: డిగ్రీ మొదటి సంవత్సరం పాత పుస్తకాలు ఇచ్చే పిల్లలు మన విచారణలో ఎవరైనా ఉన్నారా అని. ఇద్దరి పేర్లు రాసి ఇచ్చాను.