మట్టి ఇచ్చిన ఎంజైము, ఏవరీ తీసిన దారాలు

ఈ వార్షికోత్సవ సంచికకు ఒక శాస్త్రవేత్త జీవితం రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి రాస్తామనుకున్నారు. ఆయన గురించి మీకందరికీ తెలుసు కనుక మేము ఆస్వాల్డ్ ఏవరీని ఎంచుకున్నాము. మా కారణం మాకుంది. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీలో మాకు మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి డీఎన్ఏ తీసే ప్రాక్టికల్ ఉంది. మూడుసార్లు చేశాము, మూడుసార్లూ చెడిపోయింది. ఇంటర్‌లో పిపెట్టు పట్టి ఎరుగని వాళ్ళకు ఇది అంత తేలిగ్గా రాదని ఒకరు మా ముందే అన్నారు. మా బ్యాచ్‌లో చాలామందిమి మా ఇళ్ళలో డిగ్రీ దాటిన మొదటివాళ్ళం. ఆ మాట బాగా గుచ్చుకుంది. ఆ రోజుల్లోనే లైబ్రరీలో కూర్చుని ఏవరీ గురించి చదివాము.

ఏవరీ 1877 అక్టోబరు 21న కెనడాలోని హాలిఫాక్స్‌లో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు. 1887లో కుటుంబం న్యూయార్క్‌లో పేదలుండే పేటకు వచ్చింది. తండ్రి చర్చికి జనాన్ని పిలవడానికి ఆస్వాల్డ్, ఆయన అన్న మెట్లమీద నిలబడి బూర ఊదేవారట. 1892లో అన్నా పోయాడు, తండ్రీ పోయాడు. తల్లి చర్చి సేవాసంస్థలో పనిచేసి ఇల్లు నడిపింది.

కోల్గేట్‌లో ఆయన చదివింది ఎక్కువగా సాహిత్యం, తత్వం. పేరు తెచ్చుకున్నది వక్తృత్వంలో. సైన్సు అంతంతమాత్రమే. అయినా 1904లో కొలంబియాలో డాక్టరు పట్టా తీసుకున్నారు. మూడేళ్ళు ప్రాక్టీసు చేసి, తన దగ్గరకొచ్చే ఊపిరితిత్తుల రోగులకు తాను చేయగలిగింది ఏమీ లేదని మనసు విరిగి ప్రయోగశాలలోకి వెళ్ళారు. 1913లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్ ఆసుపత్రిలో చేరారు. ఆ తర్వాత ముప్పై అయిదేళ్ళు అక్కడే. పెళ్ళి చేసుకోలేదు.

అప్పటికి పెన్సిలిన్ లేదు. న్యుమోనియా వస్తే ప్రాణం మీద ఆశ వదులుకోవలసిందే. ఆ బాక్టీరియా చుట్టూ నునుపైన తొడుగు ఉంటుంది. అది మాంసకృత్తు కాదు, చక్కెర జాతి పదార్థం అని ఏవరీ, హైడెల్‌బర్గర్ 1923లో తేల్చారు. తొడుగున్న రకమే మనిషిని చంపుతుంది. తొడుగును కరిగిస్తే రోగం లొంగుతుంది. కానీ కరిగించేదెవరు?

ఇక్కడే మట్టి వచ్చింది. రెనే డుబో అనే ఫ్రెంచి యువకుడు మట్టి సూక్ష్మజీవుల మీద చదువుకున్నవాడు, 1927లో ఏవరీ దగ్గర చేరాడు. ఆయన తర్కం మన ఊరి రైతుకు కూడా అర్థమవుతుంది. చచ్చినవన్నీ మట్టిలోనే కలుస్తాయి, అయినా ఈ తొడుగు పదార్థం ఎక్కడా గుట్టలు పడి లేదు, కనుక దాన్ని తినే జీవి మట్టిలో ఉండి తీరాలి. న్యూజెర్సీలో క్రాన్‌బెర్రీ పండించే బురద నేల నుంచి అలాంటి బాక్టీరియా దొరికింది. దాని ఎంజైము ఎలుకలను న్యుమోనియా నుంచి కాపాడింది. తర్వాత కొద్ది కాలానికే సల్ఫా మందులు రావడంతో అది ఆసుపత్రికి ఎక్కలేదు. వృథా అయిందనుకున్న ఆ ఎంజైమే పదేళ్ళ తర్వాత మరో పనికి వచ్చింది.

1928లో ఇంగ్లండులో గ్రిఫిత్ ఒక వింత చూశారు. తొడుగున్న చచ్చిన బాక్టీరియాను, తొడుగులేని బతికిన బాక్టీరియాను కలిపి ఎలుకకు ఎక్కిస్తే ఎలుక చచ్చిపోయింది. దాని రక్తంలో తొడుగున్నవి బతికి కనిపించాయి. అంటే చచ్చినవాటి నుంచి బతికినవాటికి ఏదో అందింది. ఏవరీ మొదట దీన్ని నమ్మలేదు. ఆయన శిష్యులు డాసన్, అల్లోవే పరీక్షనాళికలోనే చేసి చూపాక నమ్మక తప్పలేదు. ఆ ఏదో ఏమిటన్నదే ఇక పని. మధ్యలో థైరాయిడ్ జబ్బు, ఆపరేషను. మొదట మెక్‌లియోడ్, 1941 నుంచి మెకార్టీ తోడుగా ఉన్నారు.

బాక్టీరియాను 75 లీటర్ల వరకు పెంచేవారు. డెయిరీల్లో మీగడ తీసే యంత్రం లాంటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేరుచేసేవారు. అది తిరుగుతుంటే ప్రాణం తీసే బాక్టీరియా కంటికి కనబడని తుంపరగా గాలిలోకి లేచేది. అందుకని యంత్రానికి మూసిన పెట్టె కట్టించారు. తర్వాత 65 డిగ్రీల వేడిలో చంపి, సారం తీసి, క్లోరోఫాంతో గిలకొట్టి మాంసకృత్తులు తీసేసేవారు. డుబో మట్టి ఎంజైముతో తొడుగు చక్కెరను కరిగించేవారు. చివరికి ఆల్కహాలు చుక్కచుక్కగా పోస్తూ గాజుకడ్డీతో కలిపితే తెల్లటి దారాలు కడ్డీకి చుట్టుకునేవి. అంత కష్టానికి దక్కేది 10 నుంచి 25 మిల్లీగ్రాములు. మాంసకృత్తును తినే ఎంజైములు దాని శక్తిని తగ్గించలేదు. డీఎన్ఏను తినే ఎంజైము తగిలితే మాత్రం శక్తి పోయింది.

1944 ఫిబ్రవరి 1న పరిశోధనాపత్రం అచ్చయింది. అప్పటికి ఏవరీకి 66 ఏళ్ళు. వంశలక్షణాలు మోసేది మాంసకృత్తే అని అప్పటి పెద్దల నమ్మకం. డీఎన్ఏ నాలుగు ముక్కలు అదేపనిగా తిరిగే సాదా పదార్థమని చెప్పిన లెవీన్ కూడా ఆ సంస్థలోని వారే. దారాల్లో కాస్త మాంసకృత్తు మిగిలి ఉంటుందని అదే సంస్థలోని మిర్‌స్కీ వాదించారు. ఏవరీ గొంతు పెంచలేదు. కుర్రతనంలో అంత బాగా ఉపన్యసించిన మనిషి తన గొప్ప పని గురించి ఇంత తక్కువ మాట్లాడటం మాకు ఇప్పటికీ కొరుకుడుపడదు. కాస్త గట్టిగా చెప్పి ఉండవలసిందని మాలో కొందరి అభిప్రాయం.

1945లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. నోబెల్ మాత్రం రాలేదు. 1948లో పని మానేసి తమ్ముడి కుటుంబానికి దగ్గరగా ఉండటానికి నాష్‌విల్ వెళ్ళారు. 1952లో హెర్షే, చేజ్ వైరస్‌ల ప్రయోగం చేశాక లోకం డీఎన్ఏ వైపు తిరిగింది. 1953లో వాట్సన్, క్రిక్ దాని ఆకారం చెప్పారు. ఏవరీ 1955 ఫిబ్రవరి 20న కన్నుమూశారు.

మా సంగతికొస్తే, మా దారాలు తెల్లగా రాలేదు. టీ డికాషన్ రంగులో వచ్చాయి. మట్టిలో కుళ్ళిన ఆకు అలముల నుంచి పుట్టే హ్యూమిక్ ఆమ్లాలు డీఎన్ఏతోపాటే దిగి, పీసీఆర్‌లో ఎంజైమును పని చేయనివ్వవు. మా చేతులకు పని రాక కాదు, మట్టి గుణం అది. నాలుగోసారి నమూనాను పదింతలు పలుచన చేసి పెట్టాము. జెల్ మీద బ్యాండు వచ్చింది. ఆ మట్టి మన హాస్టల్ వెనుక వేపచెట్టు కింద తీసిందే. గొట్టం ఇంకా ల్యాబు ఫ్రీజర్‌లో ఉంది. చూడాలనుకున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక శనివారం రండి, బయటకు తీసి చూపిస్తాము.