ఎర్నెస్టు మాక్

శబ్దమును మించిన వేగమును గొలుచుచోట నేఁడు లోకమంతటను మాక్ అను మాట వాడుచున్నారు. ఆ మాట వెనుకనున్న మనుష్యునిఁ దలఁచువా రరుదు. 1929లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుఁడు ఆకెరెట్ ఆ కొలతకుఁ బేరు పెట్టునాఁటికి మాక్ గతించి 13 ఏండ్లయినది.

ఈయన 1838 ఫిబ్రవరి 18న మొరేవియాలోని బ్రూన్ నగర సమీపమున జన్మించెను. బాల్యమునఁ దండ్రియే గురువు. కొంతకాలము వడ్రంగముకూడ నేర్చెను. పనిముట్లతోఁ బ్రకృతిని బ్రశ్నింపవలసిన వానికి ఆ విద్య వ్యర్థము గాలేదని మా యభిప్రాయము. 1860లో వియన్నాలో డాక్టరు పట్టమును బొంది, గ్రాజ్‌లో బోధించి, 1867 మొదలు 28 వత్సరములు ప్రాగు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రాచార్యుఁడుగ నుండెను. 1882లో చెక్కు, జర్మను భాషల కలహము ఆ విద్యాలయమునే రెండుగఁ జీల్చినది. ఆ గొడవల నడుమనే యాయన ప్రయోగశాల నడచెను.

1870-71 యుద్ధమున ఫ్రెంచి తుపాకుల వలనఁ గలిగిన గాయములు కొన్ని, లోపల మందు పేలినట్లు విచ్చియుండెను. నిషిద్ధమైన పేలుడు గుండ్లు వాడిరని నింద పుట్టెను. గుండు తన ముందటి గాలిని నొక్కి దేహములోనికిఁ గొనిపోవుటయే కారణమని బెల్జియము శాస్త్రజ్ఞుఁడు మెల్సెన్స్ వాదించెను. 1881లో పారిస్‌లో ఆ యుపన్యాసము వినిన మాక్, ఆ గాలినే కంటఁ జూడఁ బూనుకొనెను.

కానరాని గాలిని జూచుటెట్లు? గాలి దట్టమైనచోట వెలుఁగు కొంచెము వంగును. ఆ వంపును నీడగఁ జూపు పద్ధతిని టోప్లర్ అదివఱకే కనిపెట్టియుండెను. గుండు పోవుచునే విద్యుత్తు తీఁగలను గలుపఁగా నిప్పురవ్వ మెఱసి, ఆ లిప్తలో ఛాయాచిత్రము పడును. ప్రాగులోని తొలి ప్రయత్నములో నేమియుఁ గానరాలేదు. ఆ గుండు వేగము సెకనుకు 240 మీటర్లే. శబ్దవేగము సుమారు 340. శబ్దమును మించినఁగాని యల పుట్టదని గ్రహించి, ఫియూమేలోని నౌకా విద్యాలయాచార్యుఁడు సాల్చర్‌కు వ్రాసెను. 1886లో సాల్చర్ తీసిన చిత్రములలో, వడిగఁ బోవు పడవ ముందటి యలవలె, గుండు మొనయొద్ద గాలి యల స్పష్టముగఁ గన్పట్టెను. అయితే గాయమునకు ఆ గాలి కారణము గాదనియు, గుండు వేగమే చాలుననియు మాక్ తేల్చెను.

అంతకుఁ బూర్వమే, 1875 ప్రాంతమున, మసి పూసిన గాజుపలకలపై నిప్పురవ్వలు పేల్చి, రెండు తీవ్రమైన యలలు కొన్ని కోణములఁ గలిసినచో నొండొంటిని దాఁటిపోక, యేకమై బలిష్ఠమైన మూఁడవ యల యగునని మసిలోని గీఁతలవలనఁ గనుగొనెను. ఇది చిరకాలము మఱుగునఁ బడియుండెను.

1898లో పక్షవాతము కుడిభాగమును హరించెను. అయినను 1901లో, గనికార్మికుల పని దినమునకు 9 గంటలకు మించరాదను బిల్లునకు సమ్మతి నిచ్చుటకై, రోగుల బండిలో ఆస్ట్రియా శాసనసభకుఁ బోయెను. ఆయన జీవితమున మాకు మిక్కిలి ప్రియమైన ఘట్ట మిదియే. 1916 ఫిబ్రవరి 19న మ్యూనిక్ సమీపమున మరణించెను.

గాలిలోఁ బేలిన బాంబు అల నేలఁ దాఁకి మఱలి, తొలి యలతోఁ గలియును. ఏ యెత్తునఁ బేల్చిన నెక్కువ మేర నాశనమగునని వాన్ నాయిమన్ మున్నగువారు రెండవ మహాయుద్ధమున లెక్కించినపుడు, ఆ మసిపలకలనాఁటి విషయమే యక్కఱకు వచ్చెను. ఇందుకు మాక్‌ను దోషిగ నెంచుట న్యాయము గాదు. ఆయన తేల్చఁ బూనినది యొక నింద నిజమా కాదా యనియే. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై బాంబును నేలఁ దాఁకనీయక, సుమారు 600 మీటర్ల యెత్తునఁ బేల్చిరి. అట్లు కలిసి నేలవెంట నిలువుగ సాగు నలకు శాస్త్రజ్ఞులు నేఁడును మాక్ పేరే వాడుచున్నారు.